ఏనుగెక్కినా విరగని బ్రిడ్జి

డాక్టరమ్మా,

ఊడిన పన్ను చోట పక్క పళ్లకు ఆనించి కట్టే బ్రిడ్జిల మీద నీ వ్యాసం అందింది. మొదటి పేరాలోనే 'ఏనుగెక్కినా విరగని పళ్ల బ్రిడ్జి' అన్నావు. మూడు టన్నుల ఏనుగంటే సుమారు 30,000 న్యూటన్లు. నీ పట్టికలో ఉన్న జిర్కోనియా (పింగాణీ జాతిలో గట్టి రకం) బ్రిడ్జిలన్నీ అందులో పదో వంతుకు చేరకముందే విరిగాయి. ముందు ఆ ఏనుగును దింపెయ్.

అసలు కోపం ఏనుగు మీద కాదులే. ఎంత బరువుకు విరిగిందో అడుగడుగునా రాశావు. ఎక్కడ విరిగిందో ఒక్కచోటా రాయలేదు. విరిగిన చోటు చెప్పని అంకెకు నేను పైసా విలువ ఇవ్వను.

మీ కాలేజీ ల్యాబ్‌లో ఆ బ్రిడ్జిల్ని స్టీలు దిమ్మెలకు సిమెంటుతో అతికించి, పొడిగా, ఒక్క నొక్కుడుతో విరగ్గొట్టారు. నోట్లో అలా జరగదు. పంటి వేరుకూ ఎముకకూ మధ్య పలచటి పొర ఉంటుంది, నమిలేటప్పుడు పన్ను కాస్త కదులుతుంది. స్టీలు కదలదు. అందుకే కొన్ని ల్యాబ్‌ల్లో రెజిన్‌తో పళ్లు చేసి, వేళ్లకు సిలికాన్ పూత వేస్తారు. తర్వాత నమిలే యంత్రంలో పెడతారు. దాదాపు 50 న్యూటన్ల దెబ్బలు 12 లక్షలు, దాంతోపాటు 5 డిగ్రీల నీళ్లూ 55 డిగ్రీల నీళ్లూ మార్చి మార్చి. ఇది ఐదేళ్ల నమలడానికి సమానమని వాడుకలో ఉన్న లెక్క. (రాత్రిళ్లు పళ్లు కొరికేవాళ్ల విషయంలో నాకు ఆ లెక్క మీద నమ్మకం లేదు.) ఇదంతా తట్టుకుని మిగిలినవాటినే చివర్న విరగ్గొట్టి చూస్తారు.

నీళ్లెందుకో కూడా నువ్వు రాయలేదు. పింగాణీ జాతి పదార్థాల్లో కంటికి ఆనని పగుళ్లుంటాయి. తడి ఆ పగులు కొసకు చేరి అక్కడి బంధాల్ని తెంచుతుంది, పగులు నెమ్మదిగా పాకుతుంది. పొడిగా ఒక్కసారే నొక్కితే దానికి పాకే వ్యవధి ఉండదు, అంకె ఘనంగా వస్తుంది.

బ్రిడ్జి సాధారణంగా విరిగేది పళ్లను కలిపే కనెక్టర్ దగ్గర, చిగుళ్ల వైపు నుంచి. నమిలినప్పుడు బ్రిడ్జి వంగి ఆ వైపు సాగుతుంది. పింగాణీ నొక్కుడుకు ఓర్చుకుంటుంది గానీ సాగదీస్తే ఓర్చుకోదు. వెడల్పు మార్చకుండా కనెక్టర్ ఎత్తు 4 మిల్లీమీటర్ల నుంచి 3కి తగ్గించినా మోసే బరువు ఇంచుమించు సగానికి పడిపోతుంది, ఎందుకంటే అది ఎత్తు వర్గాన్ని బట్టి మారుతుంది. నీ వ్యాసంలో కనెక్టర్ కొలతే లేదు! 1999లోనే అమెరికాలో దంత పదార్థాల పరిశోధకుడు రాబర్ట్ కెల్లీ పళ్లకు తొడిగే క్యాపుల గురించి ఈ గొడవే లేవదీశాడు. గట్టి బంతితో నొక్కితే పగులు పైనుంచి మొదలవుతోంది, నోట్లో విరిగినవాటిలో లోపలి సిమెంటు వైపు నుంచి వస్తోంది, అలాంటప్పుడు మనం పరీక్షిస్తున్నది దేన్ని అని.

నేను రాయడం మొదలుపెట్టిన రోజుల్లో ఒక వారపత్రిక ఎడిటరు గారు నా వ్యాసంలో 'పొడిగా', 'తడిలో' అన్న మాటలన్నీ కొట్టేసి, 'వజ్రాల్లాంటి పళ్లు' అని హెడ్డింగు పెట్టారు. స్థలం చాల్లేదట. పక్కనే సినిమాతార ఫొటోకు మాత్రం అరపేజీ దొరికింది. పారితోషికం ఇప్పటికీ రాలేదు. ఇప్పటివాళ్లు ఇంకో రకం, 'ఐదు ఆసక్తికర విషయాలు' అంటే తప్ప ముట్టుకోరు. అలాంటివాళ్లను దృష్టిలో పెట్టుకుని కలం పట్టకు.

విరిగేటప్పుడు వచ్చే చప్పుడుకు టెక్నీషియన్ ముందే కళ్లు మూసుకుంటాడని రాశావు చూడు, అది బాగుంది. అది ఉంచు.

ఏ పత్రికకు పంపాలి, పుస్తకం ఎప్పుడు వేసుకోవచ్చు అని అడిగావు. అవన్నీ తర్వాత. విరిగిన ముక్కలు పారేశారో దాచారో ల్యాబ్‌లో కనుక్కో. దాచి ఉంటే మైక్రోస్కోపు కింద పెట్టి, పగులు ఎటునుంచి బయల్దేరిందో చూసి తిరగరాయి. ఈసారి ప్రింటు కాస్త పెద్దక్షరాల్లో తీసి పంపు.