నెలకిచ్చిన మాత్రలు నాలుగు రోజుల్లో అయిపోయాయా?

ప్రశ్న: నాన్నగారికి 64 ఏళ్లు, కీళ్లవాతం. కర్నూలులో చూపించి బెంగళూరు మారతహళ్లిలోని మా ఇంటికి తీసుకొచ్చాం. చీటీలో ‘మెథోట్రెక్సేట్ 15 మి.గ్రా. ఓడబ్ల్యూ, 4 మాత్రలు’ అని, నొప్పి మాత్రకి ‘ఎస్ఓఎస్’ అని ఉంది. ఓడబ్ల్యూ అంటే రోజుకోసారే కదా? మాత్రలు అయిపోయాయి, నోట్లో పొక్కులొచ్చాయి. ఇక్కడి మెడికల్ షాపులో ఆ చీటీకి మళ్లీ ఇవ్వబోమన్నారు. ఆంధ్రా చీటీ కర్ణాటకలో చెల్లదా?

జవాబు: చీటీ సంగతి తర్వాత. నాన్నగారిని ఇవాళే, రేపటికి ఆగకుండా, ఎమర్జెన్సీ ఉన్న పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. ఓడబ్ల్యూ అంటే వారానికోసారి. రోజుకోసారైతే ఓడీ. నాలుగు వారాల మందు నాలుగు రోజుల్లో పడినట్టుంది. అలా పడితే ఎముక మూలుగలో రక్తకణాల తయారీ దెబ్బతినొచ్చు. నోటి పూత దానికి హెచ్చరిక. జ్వరం వస్తే మరీ ప్రమాదం.

చీటీ, ఖాళీ స్ట్రిప్పు వెంట ఉంచుకోండి. సీబీసీ (రక్తకణాల లెక్క), క్రియాటినిన్ (కిడ్నీల పరీక్ష), లివర్ పరీక్షలు చేస్తారు. అవసరమైతే విరుగుడుగా ఫోలినిక్ యాసిడ్ ఇస్తారు. ఇంట్లో ఉన్న ఫోలిక్ యాసిడ్ దానికి బదులు కాదు. పొక్కులకు బీకాంప్లెక్స్ వేసి రెండ్రోజులు చూద్దాం అనుకోవద్దు. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలూ వద్దు, వాటివల్ల మెథోట్రెక్సేట్ కిడ్నీల ద్వారా బయటికి పోవడం తగ్గుతుంది. నేను చూడని రోగి కనుక ఇంతకుమించి చెప్పలేను.

అర్థంకాని అక్షరానికి మనమే అర్థం చెప్పుకోవడం ఎందుకండీ? షాపులో అడిగితే అర నిమిషం పని. బీడీ అంటే రోజుకి రెండుసార్లు, టీడీఎస్ మూడుసార్లు, హెచ్ఎస్ పడుకునేముందు, ఎస్ఓఎస్ అవసరమైతేనే. కంటి డాక్టరు చీటీలో ఓడీ అంటే కుడికన్ను కూడా కావచ్చు!

ఆంధ్రాలో రిజిస్టరైన డాక్టరు చీటీ కర్ణాటకలోనూ చెల్లుతుంది. అయితే 1945 నాటి డ్రగ్స్ రూల్స్ ప్రకారం, మళ్లీ ఇవ్వొచ్చని డాక్టరు రాయకపోతే ఒక చీటీకి ఒక్కసారే మందివ్వాలి. షాపువాళ్లు చేసింది సరైనదే, పైగా మీకు మేలే జరిగింది. సంతకం, తేదీ, రోగి పేరు, చిరునామా, మోతాదుతోపాటు మొత్తం ఎంత మందివ్వాలో కూడా చీటీలో ఉండాలన్నది అదే నిబంధన. ‘4 మాత్రలు’ అన్న ఆ అంకెను నెలతో పోల్చుకుని ఉంటే మొదటిరోజే అనుమానం వచ్చేది.

మెథోట్రెక్సేట్ మళ్లీ మొదలుపెట్టాలో వద్దో కర్నూలు డాక్టరుగారే తేల్చాలి. రాస్తే మాత్రం ‘ప్రతి ఆదివారం ఒకటి’ అని తెలుగులో రాయించుకోండి.