పుర్రెకు పెట్టిన కిటికీ గురించి రాసేముందు

చిరంజీవికి ఆశీస్సులు.

పుర్రెకు గాజుకిటికీ పెట్టి బతికున్న ఎలుక మెదడులో కణాలను ఎలా చూస్తారన్న నీ వ్యాసం రెండుసార్లు చదివాను. "ఎలుక ఆలోచనలు తెరమీద మెరిశాయి" అన్న మొదటి వాక్యం కొట్టెయ్యి. మెరిసింది జీక్యాంప్ అనే ప్రోటీను. జెల్లీచేప నుంచి వచ్చిన పచ్చ ప్రోటీనుకు క్యాల్షియాన్ని పట్టే ముక్క కలిపి దాన్ని తయారుచేశారు. న్యూరాన్‌లో, అంటే నాడీకణంలో, విద్యుత్ స్పందన పుట్టినప్పుడు లోపలికి క్యాల్షియం వస్తుంది, దాన్ని పట్టుకుని ప్రోటీను వెలుగుతుంది. స్పందన ఒకటి రెండు మిల్లీసెకన్లలో అయిపోతుంది. 2013లో వచ్చిన జీక్యాంప్6ఎస్ రకంలో మెరుపు సగానికి తగ్గడానికే అర సెకను దాకా పడుతుంది. గుడిగంట కొట్టడం ఆపినా మోత కాసేపు వినిపిస్తూనే ఉంటుంది కదా, అట్లా. కాబట్టి బొమ్మ చూసి "సరిగ్గా ఈ క్షణంలో కణం స్పందించింది" అని రాయకు. ఇంకో మాట: ఇది 25 గ్రాముల చిట్టెలుక. ఉత్త ఎలుక అంటే పాఠకుడు వంటింట్లో తిరిగే పెద్దదాన్ని ఊహించుకుంటాడు. ప్రయోగశాలలో ఆ రెండూ వేర్వేరు జంతువులు.

రెండు ఫోటాన్ల, అంటే రెండు కాంతి రేణువుల, సంగతి ఒక్క వాక్యంలో దాటేశావు. వ్యాసానికి ఆయువుపట్టు అదే. మెదడు కణజాలం పొగమంచు లాంటిది, వేసిన వెలుగును చెదరగొడుతుంది. మామూలు పద్ధతిలో నీలికాంతి వెళ్లే దారి పొడవునా కణాలు వెలుగుతాయి, ఏ లోతు నుంచి ఏ వెలుగు వచ్చిందో తేలదు. 920 నానోమీటర్ల పరారుణ కాంతి తక్కువగా చెదురుతుంది, కానీ దాని ఒక్క ఫోటానుకు ప్రోటీనును వెలిగించే శక్తి చాలదు. రెండు ఫోటాన్లు ఒకేసారి తగలాలి. అంత గుంపు లెన్సు కేంద్రీకరించిన బిందువు దగ్గరే ఉంటుంది కాబట్టి అక్కడే వెలుగుతుంది. ఇది సాధ్యమని మరియా గెపర్ట్ మేయర్ 1931లోనే లెక్క కట్టింది. మైక్రోస్కోపుగా మార్చింది 1990లో కార్నెల్‌లో డెంక్, స్ట్రిక్లర్, వెబ్.

ఇక్కడ ఒక లెక్క వేసి చూపించు. ఆ పరారుణ కాంతినిచ్చే లేజర్ సెకనుకు 8 కోట్ల సార్లు, ఒక్కోసారి 100 ఫెమ్టోసెకన్లు (సెకనులో పది లక్షల కోట్లవ వంతు) వెలుగుతుంది. అంటే ఒక రోజంతా ఆన్‌లో ఉంచినా నిజంగా వెలిగిన సమయం మొత్తం 0.7 సెకను. సగటున 30 మిల్లీవాట్లే అయినా, వెలిగిన ఆ క్షణంలో 3,750 వాట్లు. ఇంట్లో గీజరుకు దాదాపు రెండింతలు. చిట్టెలుక మెదడు ఎందుకు ఉడికిపోవడంలేదో పాఠకుడికి ఈ లెక్కతోనే అర్థమవుతుంది. సగటును 250 మిల్లీవాట్ల పైకి తీసుకెళ్లి అలాగే ఉంచితే మాత్రం దెబ్బ తింటుంది.

ఇక శస్త్రచికిత్స. "పుర్రెకు చిన్న రంధ్రం చేస్తారు" అని వదిలేశావు. పనంతా అక్కడే ఉంది. ఐసోఫ్లూరేన్ మత్తు 1 నుంచి 1.5 శాతం దగ్గర నిలిపి, ఒంటివేడి 37 డిగ్రీలు తగ్గకుండా కింద వెచ్చటి పలక పెడతారు. కళ్లు ఎండకుండా ఆయింట్‌మెంటు రాస్తారు. 3 మిల్లీమీటర్ల వలయం చుట్టూ డ్రిల్లు తిప్పుతూ, కొన్ని సెకన్లకోసారి ఆగి చల్లటి సెలైన్ పోస్తారు. ఆగకపోతే డ్రిల్లు వేడి ఎముక దాటి మెదడుకు తగులుతుంది. తడిపితే కింది రక్తనాళాలు స్పష్టంగా కనబడి, పట్టకారుతో తాకితే ఎముక కొంచెం ఊగేదాకా అరగదీస్తారు. సెలైన్ బొట్టు కిందే ఆ బిళ్లను పైకెత్తుతారు. ప్రోటీను జన్యువును మోసే వైరస్‌ను గాజు సూదితో 250 మైక్రాన్ల (పావు మిల్లీమీటరు) లోతున చాలా నిదానంగా ఎక్కించి, సూదిని ఐదు పది నిమిషాలు అలాగే ఉంచుతారు. తొందరపడి లాగితే వైరస్ సూది దారినే పైకి వచ్చేస్తుంది. తర్వాత 3 మిల్లీమీటర్ల గాజుబిళ్లను 5 మిల్లీమీటర్లదానికి అతికించి, చిన్నది రంధ్రంలో కూర్చునేలా, పెద్దది ఎముకమీద ఆనేలా పెట్టి డెంటల్ సిమెంటుతో బిగిస్తారు. లోపలి బిళ్ల మెదడును కొద్దిగా నొక్కాలి. వదులుగా ఉంటే కింద ఎముక మళ్లీ పెరుగుతుంది, ఊపిరికి మెదడు పైకీ కిందికీ ఊగుతుంది. పక్కకు జరిగితే కంప్యూటరు సరిచేస్తుంది. లోతు మారితే అసలు కణమే బొమ్మలోంచి పోతుంది.

రెండు మూడు వారాలు ఆగాక చూస్తే, ఆరోగ్యంగా ఉన్న కణం గారెలా కనబడాలి: చుట్టూ వెలుగు, నడుమ కేంద్రకం చీకటిగా. చిల్లు కూడా నిండిపోయి ఉంటే ప్రోటీను మోతాదు మించింది, ఆ కణం ఇచ్చే సంకేతాన్ని నమ్మకూడదు. నీ వ్యాసంలో పెట్టిన బొమ్మలో కుడివైపు మూడు కణాలు అలా నిండినవే. అది మార్చు. సంకేతాల విషయంలో ఇంకా చిల్లర ఇబ్బందులు ఉంటాయి, లెన్సు కింది నీళ్లు ఆరిపోవడం, చిట్టెలుకకు చూపించే తెర కాంతి డిటెక్టరులోకి కారడం లాంటివి. ఒకటి రెండు చాలు, జాబితా చేయకు.

కిటికీ తెరవడమే ఫలితాన్ని మారుస్తుందా అన్న ప్రశ్న నీ వ్యాసంలో లేదు. అదే నేను అన్నిటికన్నా ఎక్కువ చూడాలనుకున్నది. 2002లో ఒకే పత్రికలో రెండు బృందాలు, న్యూరాన్ కొమ్మలైన డెండ్రైట్లమీది ముళ్ళలాంటి స్పైన్లు ఎంతకాలం నిలుస్తాయో చూశాయి. ఎముకను పల్చగా అరగదీసి చూసినవారికి వయసొచ్చిన చిట్టెలుకల్లో 96 శాతం నెల తర్వాత కూడా నిలిచాయి. కిటికీ తెరిచి చూసినవారికి నిలిచింది సుమారు సగం. వయసులు వేరు, మెదడు ప్రాంతాలు వేరు. ఎముక తీస్తే న్యూరాన్లకు తోడుగా ఉండే గ్లియా కణాలు రేగి స్పైన్లను కదిలిస్తాయని 2007లో ఒక అధ్యయనం చూపింది. కిటికీ వాళ్లు శస్త్రచికిత్స శుభ్రంగా చేసి, వారాలపాటు ఆగితే ఆ ప్రభావం తగ్గుతుందన్నారు. ఈ తగవును రెండు పేరాలు నడిపించు, తీర్పు నువ్వు చెప్పకు.

భారత్‌లో ఇలాంటి ప్రయోగానికి సంస్థలోని జంతు నైతిక సంఘం అనుమతి తప్పనిసరి. నొప్పి తగ్గించే మందుల సంగతి కూడా శస్త్రచికిత్స పేరాలోనే రావాలి, చివర క్షమాపణలా కాదు.

మళ్లీ పంపేటప్పుడు ప్రతి బొమ్మ మీదా కొలత తెలిసేలా 20 మైక్రాన్ల గీత గీయించు, ఎంత లోతులో తీశారో పక్కన రాయి.