సందేహాలు – సమాధానాలు: పన్నెండు దాటిన పిల్లల క్లాసు

హైదరాబాద్, సికింద్రాబాద్ సంఘాల నుంచి ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం 12 నుంచి 15 ఏళ్ల పిల్లల గురించే. సండే స్కూలు బల్లల మీద పట్టనంత ఎదిగారు, యౌవనస్థుల కూడికలో నోరు విప్పడానికి బెరుకు. చాలా సంఘాల్లో ఈ వయసువాళ్ళకు సొంత చోటంటూ లేదు. అందుకే ఈసారి శీర్షిక మొత్తం వాళ్ళకే ఇస్తున్నాం.

ఆదివారం ఆరాధన అయ్యాక 7 నుంచి 10వ తరగతి వరకు 18 మంది పిల్లలకు క్లాసు తీసుకుంటున్నాను. గంటసేపు వాక్యం చెబుతాను. ప్రేమ, క్షమ, నిజాయితీ అన్నీ చెప్పాను. పది నిమిషాలు కాకముందే చూపులు కిటికీ వైపు, చేతులు ఫోన్ మీదికి వెళ్తాయి. ఏం చేయమంటారు?
– ఒక సోదరుడు, ఉప్పల్

తమ్ముడూ, మొదట గడియారం సంగతి చూద్దాం. మీ ఆరాధన పదిన్నరకు మొదలై ఒంటిగంటకు ముగుస్తుందని రాశారు. పొద్దున ఎప్పుడో రెండు ఇడ్లీలు తిని వచ్చిన పిల్లలు రెండున్నర గంటలు కూర్చున్నాక మళ్ళీ మీ దగ్గర గంట కూర్చోవాలి. వాళ్ళకు భక్తి తక్కువై కాదు, ఆకలేస్తోంది. వీలైతే క్లాసును ఆరాధనకు ముందు, తొమ్మిదింటికి పెట్టండి. లేదా శనివారం సాయంత్రం ఐదున్నరకు. రెండూ కుదరకపోతే ముందు తిండి పెట్టండి. 18 మందికి కిలోన్నర బియ్యంతో పులిహోర కలిపితే చాలు. వారానికొక ఇల్లు వంతు వేసుకుంటే ఎవరికీ భారం కాదు.

తర్వాత, ఆ 18 మందిని ఒక్కచోట ఉంచకండి. ఏడో తరగతి పిల్లాడు పదో తరగతి అన్న ముందు నోరు తెరవడు. 7, 8 తరగతులు ఒకవైపు, 9, 10 తరగతులు ఒకవైపు. ఆరేడుగురికి ఒక పెద్ద చొప్పున ముగ్గురు కావాలి. మీ సంఘంలో డిగ్రీ పూర్తయిన వాళ్ళను అడగండి. బోధించడం రాకపోయినా ఫర్వాలేదు, వినడం వస్తే చాలు.

సమయాన్ని ఇలా పంచుకోండి. తిండికి, పలకరింపులకు 15 నిమిషాలు. ఒక పాట, పోయిన వారం సంగతులు 10 నిమిషాలు. వాక్యభాగం చదవడం 10 నిమిషాలు. గుంపుల్లో మాట 20 నిమిషాలు. ఈ వారం చేయబోయే పని ఏమిటో తేల్చుకోవడం, ప్రార్థన 10 నిమిషాలు. మీరొక్కరే ఆపకుండా మాట్లాడే సమయం ఎక్కడా ఐదు నిమిషాలు దాటకూడదు. పన్నెండేళ్ళ యేసు దేవాలయంలో బోధకుల మధ్య కూర్చుని ఏం చేస్తున్నాడు? వాళ్ళ మాటలు వింటూ, వాళ్ళను ప్రశ్నలు అడుగుతున్నాడు. ఆయన ఈ వయసు గురించి సువార్తల్లో ఉన్నది అదొక్కటే (లూకా 2:46). మన క్లాసుల్లో మాత్రం అదే వయసు పిల్లలకు ప్రశ్నలడిగే సందే దొరకడం లేదు.

క్షమ గురించి చెప్పారట కదా, ఆ పాఠాన్నే మళ్ళీ చేసి చూడండి. మత్తయి 18:21–35 తీసుకోండి. రాజు తన బాకీ అంతా రద్దు చేసినా, తనకు బాకీ ఉన్న తోటి దాసుణ్ణి చెరసాలలో వేయించిన దాసుడి కథ అది. రాజు, ఇద్దరు దాసులు, తోటి దాసులు, కథ చెప్పేవాడు అని వంతులు పంచి చదివించండి. చదివాక తెల్ల కాగితం, పెన్ను ఇచ్చి లెక్క కట్టమనండి. దేనారం ఆనాటి ఒక రోజు కూలి. తలాంతు అంటే సుమారు ఆరు వేల దేనారాలు. రోజు కూలి 700 రూపాయలనుకుంటే రెండో దాసుడి నూరు దేనారాల బాకీ 70 వేల రూపాయలు. ఇది చిన్న మొత్తమేమీ కాదు, మూడు నాలుగు నెలల కష్టం. మరి మొదటి దాసుడి పదివేల తలాంతులు? ఆరు కోట్ల రోజుల కూలి, అంటే 4,200 కోట్ల రూపాయలు. ఏడాదికి 300 రోజులు పని చేసినా తీరడానికి రెండు లక్షల ఏళ్ళు పడుతుంది. ఈ లెక్క మీరు చెప్పకండి, వాళ్ళనే కట్టనివ్వండి. సున్నాలు పెరుగుతున్నకొద్దీ గది దానంతటదే నిశ్శబ్దమవుతుంది.

అప్పుడు అడగండి: "మనం రోజూ చూసేవాటిలో 70 వేల బాకీ లాంటిది ఏది?" అడిగాక ఆగండి. మనసులో పది లెక్కపెట్టండి. ఎక్కువ క్లాసులు ఇక్కడే చెడిపోతాయి. పిల్లలు ఆలోచనలో ఉండగానే మనం కంగారుపడి జవాబు మనమే చెప్పేస్తాం. రెండు వారాలు అలా జరిగితే, మౌనంగా ఉంటే చాలు సారే చెప్పేస్తాడని వాళ్ళకు అర్థమైపోతుంది. "క్షమించాలా వద్దా?" లాంటి ప్రశ్నలు కూడా వద్దు. జవాబు ముందే తెలిసిన ప్రశ్నకు ఏ పిల్లాడైనా "యేసయ్య" అనో "క్షమించాలి" అనో చెప్పి ఊరుకుంటాడు.

చివరి పది నిమిషాలే అసలు పాఠం. "అందరినీ క్షమించండి" అని పంపిస్తే గేటు దాటేసరికి మరిచిపోతారు. పని చిన్నదిగా, గడువుతో ఉండాలి. "నేను మాట్లాడటం మానేసిన ఒకరిని గురువారం లోపు నేనే ముందు పలకరిస్తాను" అన్నంత చిన్నది. పేరు పైకి చెప్పనక్కర్లేదు, కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకుంటే చాలు. ఒక హెచ్చరిక మాత్రం ప్రతిసారీ చెప్పండి: తమను కొట్టేవాళ్ళను, తాకరాని చోట తాకేవాళ్ళను ఓర్చుకోమని, దాచిపెట్టమని ఈ వాక్యం చెప్పడం లేదు. ఈ ఒక్క ముక్క చెప్పకపోతే క్షమ పాఠం కొందరు పిల్లల నోరు నొక్కేస్తుంది.

మరుసటి వారం, చేయలేకపోయినవాళ్ళను ముందు అడగండి. ఎక్కడ ఆగిపోయారో వినండి. స్టార్లు, స్టిక్కర్లు, బహుమతులు పెట్టకండి. పెడితే చేయనివాళ్ళు కూడా చేశామంటారు, మనమే అబద్ధం నేర్పినట్టవుతుంది.

వారానికొక విలువ చొప్పున మార్చకండి, నెలకొకటి చాలు. గలతీ 5:22–23లో ఆత్మఫలంగా చెప్పినవి తొమ్మిది. బడులు తెరిచే జూన్ నుంచి ఫిబ్రవరి దాకా నెలలూ తొమ్మిదే. వరుస తప్పినా తప్పులేదు. క్యారల్స్‌తో ఊపిరాడని డిసెంబరుకు సంతోషం, యూనిట్ టెస్టుల నెలకు ఆశానిగ్రహం పెట్టుకోండి. మార్చిలో పదో తరగతి పిల్లలను క్లాసుకు రమ్మని బలవంతపెట్టవద్దు. పరీక్షకు ముందురోజు ఫోన్ చేసి రెండు నిమిషాలు ప్రార్థన చేస్తే అదే పెద్ద ఆదరణ.

మా పిల్లలంతా ఇంగ్లీషు మీడియం. తెలుగు బైబిలు కూడబలుక్కుని చదువుతారు. ఇంగ్లీషులో చెబితే పెద్దలకు నచ్చదు.
– ఒక సండే స్కూలు టీచరు, మల్కాజ్‌గిరి

తెలుగు, ఇంగ్లీషు పక్కపక్కనే ఉన్న బైబిళ్ళు దొరుకుతాయి, గుంపుకు రెండు కొనండి. తెలుగు భాగం బాగా చదవగల పెద్దవాళ్ళు చదవాలి, పిల్లలు ఇంగ్లీషులో కళ్ళతో వెంబడించాలి. ఆ తర్వాత ఒకరు పుస్తకం మూసి, ఇంట్లో మాట్లాడే తెలుగులో సంగతి తిరిగి చెప్పాలి. చదవలేని పిల్లల చేత అందరి ముందు తెలుగు చదివించకండి. ఒక్కసారి నవ్వులపాలైతే రెండో వారం రారు. కంఠత వాక్యం కూడా నెలకొకటి చాలు. పెద్దల సంగతంటారా, ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లోంచి నెలకొకటి సంఘంలోని ఒక అమ్మమ్మ చేత నేర్పించండి. పిల్లలకు రాగం వస్తుంది, పెద్దలకు దిగులు తగ్గుతుంది.

స్లిప్ టెస్టులో కాపీ కొట్టానని తొమ్మిదో తరగతి అబ్బాయి గుంపులో ఒప్పుకున్నాడు. మిగతావాళ్ళు "అందరం కొడతాం కదరా" అని నవ్వారు. నాకు ఏమనాలో తోచలేదు.
– ఒక యూత్ లీడర్, కూకట్‌పల్లి

ముందు అతనికి, అందరూ వినేలా, "నిజం చెప్పావు, థాంక్స్ నాన్నా" అనండి. ఆ మాట నవ్వును ఆపుతుంది. అక్కడితో ఆ విషయం వదిలేసి, క్లాసయ్యాక ఇతరులు చూస్తుండగానే కాస్త దూరంగా కూర్చుని మాట్లాడండి.

ఆ మాటల్లో సుంకం వసూలు చేసే జక్కయ్య కథను తీసుకురండి (లూకా 19:1–10). మోషే ధర్మశాస్త్రంలో తప్పు ఒప్పుకున్నవాడు తీసుకున్నదానికి ఐదో వంతు కలిపి తిరిగి ఇవ్వాలి (సంఖ్యా 5:7). గొర్రెను దొంగిలించి అమ్ముకున్నవాడు నాలుగు ఇవ్వాలి (నిర్గమ 22:1). జక్కయ్య తనను ఎవరూ అడగకముందే, తాను అన్యాయంగా తీసుకున్నదానికి ఆ నాలుగంతల లెక్కే తన మీద వేసుకున్నాడు. పశ్చాత్తాపం కన్నీళ్ళతో ఆగలేదు, చేతికి వచ్చింది. ఇప్పుడు అబ్బాయినే అడగండి: "నువ్వు తీసుకున్నది ఏంటి? తిరిగి ఎలా ఇస్తావు?" టీచరుకు చెప్పడం, ఆ పాఠం మళ్ళీ చదివి టెస్టు రాస్తాననడం, పక్కవాడి పేపరు చూసి రాసుంటే అతనికి సారీ చెప్పడం, ఏదైనా కావచ్చు. ఎంచుకోవడం అతని పని. మీరు పట్టుబట్టి టీచరు దగ్గరికి లాక్కెళ్తే, గుంపులో ఇంకెవరూ నిజం చెప్పరు.

ఎందుకు కాపీ కొట్టాడో కూడా వినండి. చాలాసార్లు దాని వెనక ర్యాంకు భయం, నాన్న కోపం ఉంటాయి. తల్లిదండ్రులకు తానే చెప్పుకుంటానంటే పక్కన కూర్చుంటానని మాటివ్వండి. "దేవుడు నిన్ను ఫెయిల్ చేస్తాడు" అన్న మాట మాత్రం నోట రానివ్వకండి. పరీక్ష తప్పిన మరో పిల్లాడు ఆ మాట వింటే, దేవుడు తనను శిక్షించాడనే అనుకుంటాడు.

మా అమ్మాయి ఎనిమిదో తరగతి. బోనాలకు, వినాయక చవితికి స్నేహితురాళ్ళు ప్రసాదం పెడతారు. తీసుకోవద్దన్నాను. "మన క్రిస్మస్ కేకు వాళ్ళు తింటారు కదమ్మా" అంటోంది. ఏం చెప్పాలి?
– ఒక తల్లి, బోయిన్‌పల్లి

అమ్మా, మీ పాప న్యాయమైన ప్రశ్న వేసింది. "పాస్టరుగారు వద్దన్నారు" అని తోసేయకండి. కొరింథు సంఘంలోనూ ఇదే గొడవ. పౌలు మొదటి కొరింథీ పత్రికలో 8వ అధ్యాయం, 10వ అధ్యాయంలో సగం దీనికే కేటాయించాడు. పాపతో కూర్చుని ఆ రెండూ కలిసి చదవండి. అంగడిలో అమ్మేది ఆరా తీయకుండా తినమన్నాడు (10:25). పిలిచినవాళ్ళ ఇంటికి వెళ్ళి పెట్టింది తినమన్నాడు (10:27). ఇది అర్పించినదని ఎవరైనా చెబితే మాత్రం, చెప్పినవాళ్ళ నిమిత్తం తినవద్దన్నాడు (10:28). ప్రసాదం ఇచ్చేవాళ్ళు ప్రసాదమనే చెప్పి ఇస్తారు కాబట్టి, మన సంఘాల్లో ఎక్కువ భాగం తీసుకోవద్దనే నేర్పుతాయి. కేకు సంగతికి జవాబు కూడా ఇక్కడే ఉంది. కేకును మనం ఎవరికీ నైవేద్యం పెట్టలేదు, పండుగ రోజు ఇరుగుపొరుగుకు పంచుకునే తీపి అది. అయినా ఎవరైనా మొహమాటంగా వద్దంటే మన పాప నొచ్చుకోకూడదు. తనకు కావాలనుకునే మర్యాద ఎదుటివాళ్ళకూ ఇవ్వాలి.

వద్దనడం ఎలాగన్నది ఇంకా ముఖ్యం. పిల్లలు ఇక్కడే తడబడతారు. కొందరు తీసుకుని చెత్తబుట్టలో వేస్తారు. ఇచ్చిన అమ్మాయి చూస్తే జీవితాంతం మరచిపోదు. కొందరు పెద్దల దగ్గర విన్న పరుషమైన మాటలు అప్పజెబుతారు. అది విశ్వాసం కాదు, అవమానం. యూత్ గ్రూపులో ఇద్దరిద్దరిని నిలబెట్టి రెండేసి నిమిషాలు అలవాటు చేయించండి. ఒకరు ఇవ్వాలి, ఒకరు నవ్వుతూ, కళ్ళలోకి చూస్తూ "థాంక్స్ రా, మా ఇంట్లో ప్రసాదం తినం, ఏమనుకోకు" అనాలి. అంతే, ఉపన్యాసం వద్దు. ఆ వెంటనే మాట వేరే దాని మీదికి తిప్పాలి: "నీ లంగా ఓణీ బాగుంది, ఎక్కడ కుట్టించావ్?" ఇలా మూడుసార్లు చేస్తే బడిలో నోరు తడబడదు. పక్కింటివాళ్ళు రంజాన్‌కు పంపే షీర్ ఖుర్మా సంగతి వేరు, అది దేనికీ అర్పించినది కాదు. అయినా మీ సంఘ పెద్దల అభిప్రాయం అడిగి, కారణంతో సహా పాపకు చెప్పండి. సాటి విశ్వాసి ఇంట్లో వేరే పద్ధతి ఉంటే వాళ్ళను తీర్పు తీర్చవద్దని రోమా 14 కూడా ఆ పూటే చదివించండి.

ఒక అమ్మాయి "ఎవరికీ చెప్పనని మాటిస్తేనే చెబుతా అక్కా" అంటోంది. మాటివ్వాలా?
– ఒక వాలంటీరు, ఎల్బీ నగర్

ఇవ్వకండి చెల్లీ. "నీకు ప్రమాదం ఉందనిపిస్తే సాయం చేయగలిగినవాళ్ళకు చెబుతాను, అయితే ముందు నీకు చెప్పాకే" అనండి. అప్పుడు కూడా చెబితే అడ్డు రాకుండా వినండి. "నువ్వెందుకు వెళ్ళావ్?" లాంటి ప్రశ్నలు వేయకండి. "నువ్వు చెప్పడం మంచి పని, తప్పు నీది కాదు" అనండి. ఆమె అన్న మాటలను అన్నట్టే, తేదీ, సమయంతో అదే రోజు రాసిపెట్టండి.

లైంగిక వేధింపు విషయమైతే మీకు ఎంచుకునే అవకాశం లేదు. 2012 పోక్సో చట్టం ప్రకారం 18 ఏళ్ల లోపు పిల్లల మీద అలాంటి నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు తెలియజేయాలి (సెక్షన్ 19). దాచడమే నేరం. చైల్డ్ హెల్ప్‌లైన్ 1098, పోలీసులకు 112. నిందితుడు సంఘంలోని వాడే అయినా, పెద్దవాడైనా, కమిటీలో కూర్చోబెట్టి రాజీ కుదర్చకండి. ఆ వ్యక్తిని మీరు నిలదీయకండి, సాక్ష్యాలు మాయమవుతాయి, అమ్మాయికి ముప్పు పెరుగుతుంది. ఆమె పేరు ప్రార్థన విన్నపంగా కూడా ఎక్కడా బయటికి రాకూడదు.

రోజువారీ జాగ్రత్తలు కూడా పెట్టుకోండి. ఏ పెద్దా ఏ పిల్లతోనూ తలుపు మూసిన గదిలో ఒంటరిగా ఉండకూడదు. వాట్సాప్ గ్రూపులో ఇద్దరు పెద్దలు అడ్మిన్లుగా ఉండాలి, ఒకరు స్త్రీ అయి ఉండాలి. పిల్లలకు విడిగా మెసేజీలు వద్దు, రాత్రి తొమ్మిది తర్వాత అసలే వద్దు. రిట్రీట్ ఫొటోలు తల్లిదండ్రులను అడిగాకే పెట్టండి.

అబ్బాయిలను, అమ్మాయిలను కలిపి కూర్చోబెట్టాలా?
– ఒక పాస్టరుగారు, మెహదీపట్నం

పాఠం, పాట, తిండి కలిపే పెట్టండి అయ్యగారూ. శరీరం, ఆకర్షణ, రీల్స్‌లో కనిపించే బూతు గురించి మాట్లాడే రోజు మాత్రం వేరువేరుగా, అమ్మాయిలకు స్త్రీలు, అబ్బాయిలకు పురుషులు. ఆ సంగతి పిల్లల ఇళ్ళలో ముందే తెలియజేయండి.

"దేవుడుంటే మా తమ్ముడు ఎందుకు చనిపోయాడు?" అని ఒక పిల్లాడు అందరి ముందు అడిగాడు. క్లాసు అక్కడితో ఆగిపోయింది.
– ఒక టీచరు, సికింద్రాబాద్

ఆగిపోవడం మంచిదే. అప్పటికప్పుడు జవాబు వెతకకండి. పిల్లలను పోగొట్టుకున్న యోబు పక్కన అతని స్నేహితులు మొదటి ఏడు రోజులు మాట్లాడకుండా కూర్చున్నంతవరకు సరిగ్గానే ఉన్నారు (యోబు 2:13). తమ్ముడి పేరు అడగండి, ఎలా ఉండేవాడో చెప్పనివ్వండి. ఆ వారంలోనే వాళ్ళింటికి వెళ్ళండి. క్లాసులో ఇలాంటివి పైకి అడగలేని పిల్లలు ఇంకొందరు ఉంటారు. వాళ్ళ కోసం మూతకు చీలిక పెట్టిన చెప్పుల డబ్బా ఒకటి గది తలుపు దగ్గర ఉంచండి, పేరు రాయనక్కర్లేదని చెప్పండి. ప్రతి వారం డబ్బా తెరిచి, చీటీలు ముందు మీరొక్కరే చదవండి. ఒకటి తీసుకుని తర్వాతి క్లాసులో మాట్లాడండి. ప్రమాదం సూచించే చీటీ ఉంటే మాత్రం ఆదివారం దాకా ఆగకండి.