అనాథ అమ్మాయి పనిలో చేరే పాత ఇంగ్లండ్ కథలు పదేళ్ల పాపకి ఇవ్వొచ్చా?

విక్టోరియా రాణి కాలంలో అమ్మానాన్న లేని అమ్మాయి ఎవరింట్లోనో పనికి చేరే కథలు మీ పాప అడుగుతోందని, చదివితే దిగులు పెట్టుకుంటుందేమోనని రాశారు. ఇవ్వండి, భయపడక్కర్లేదు. మా అమ్మాయీ నేనూ ఇలాంటివి చాలానే కలిసి చదివాం. తను కష్టాలకి ఏడ్చింది, కానీ పుస్తకం పక్కన పెట్టలేదు. చివర్లో ఎక్కడినుంచో ఒక డబ్బున్న తాతయ్య ఊడిపడి అంతా సరిచేసేసిన కథ దగ్గర మాత్రం "మరి తాతయ్య లేనివాళ్ల సంగతేంటి?" అని గట్టిగానే అడిగింది. నాకూ అలాంటి ముగింపులు నచ్చవు.

పుస్తకం చేతిలోకి రాగానే నేను చూసేది, అందులో పని కనిపిస్తోందా అని. అందరికంటే ముందు లేచి ఫైర్‌ప్లేస్‌లో బూడిద ఎత్తడం, నిప్పు రాజేయడం, వేడినీళ్లు మేడ మీదికి మోయడం, గిన్నెలు, మెట్లు, మళ్లీ గిన్నెలు. చాలామంది రచయితలు పిల్లని పెద్ద బంగళాలో పెడతారు, వంటగది నిండా మనుషులు, కబుర్లు, సందడి. కానీ వర్క్‌హౌస్ (దిక్కులేని పేదలకి నీడనిచ్చి పని చేయించుకునే సర్కారు ఆశ్రమం) నుంచి వచ్చిన అనాథ పిల్లలు ఎక్కువగా చేరింది మామూలు మధ్యతరగతి ఇళ్లలో, ఒక్కతే పనమ్మాయిగా. ఇసబెల్లా బీటన్ 1861లో గృహిణుల కోసం వేసిన పుస్తకంలోనే ఇలా అన్ని పనులూ ఒక్కతే చేసే అమ్మాయి మీద జాలిపడుతుంది, ఆమెది ఒంటరి బతుకు, కొన్ని ఇళ్లలో పనికి అంతు ఉండదు అని. జీతం ఏడాదికి 9 నుంచి 14 పౌండ్లు అని రాసింది. ఆ ఒంటరితనాన్ని పట్టుకున్న కథ దొరికితే వదలకండి.

ఇంకోటి, పని మానేయడం. ఇంటావిడ "ఈ పిల్ల మంచిది" అని రాసిస్తేనే ఇంకో ఇంట్లో పని దొరికేది, రాసివ్వాలని చట్టమేమీ లేదు. పుట్టిల్లు ఉన్న పిల్ల కోపం వస్తే ఇంటికి పోతుంది, ఈ పిల్ల ఎక్కడికి పోతుంది? ఆ ఒక్క కాగితం చుట్టూ ఎంత టెన్షన్ నడపొచ్చో! దెయ్యాల మేడలూ దాచిన వీలునామాలూ లేకుండానే కథ పరుగెడుతుంది.

నిజంగా జరిగినవి కూడా పాపకి చెప్పండి. జేన్ విల్‌బ్రెడ్ అనే వర్క్‌హౌస్ అమ్మాయిని పనికి తీసుకున్న లాయరు, అతని భార్య తిండి పెట్టకుండా హింసించిన కేసు లండన్‌ని కుదిపేసింది. ఆ తర్వాత 1851లో వచ్చిన చట్టం ప్రకారం, వర్క్‌హౌస్ నుంచి దగ్గర్లోని ఇళ్లకి పనికి వెళ్లిన 16 ఏళ్లలోపు పిల్లల్ని అధికారులు ఏడాదికి రెండుసార్లు వెళ్లి చూడాలి. అంటే ఆర్నెల్లకోసారి తలుపు తట్టే మనిషి! ఆ రోజు ఇంటావిడ పక్కనే నిలబడి ఉంటే పిల్ల ఏం చెప్పగలదు అని మేం చాలాసేపు మాట్లాడుకున్నాం.

లండన్‌లో థామస్ కోరమ్ 1739లో పెట్టించిన ఫౌండ్లింగ్ హాస్పిటల్ (పేరుకి హాస్పిటల్, నిజానికి పిల్లల ఆశ్రమం) నేపథ్యంగా ఉన్న కథలు దొరికితే అవీ చదవండి. తల్లులు వదిలివెళ్లిన పసిపిల్లలకి అక్కడ కొత్త పేరు పెట్టి పల్లెలో పెంపుడు తల్లి దగ్గరికి పంపేవాళ్లు, ఐదేళ్లు వచ్చే వేళకి మళ్లీ వెనక్కి తెచ్చేసేవాళ్లు, పెద్దయ్యాక ఆడపిల్లల్ని ఎక్కువగా ఇంటిపనుల్లోనే పెట్టేవాళ్లు. పనికి చేరేలోపే ఆ పిల్ల ఇద్దరు అమ్మల్ని పోగొట్టుకుందన్నమాట. నాకు ఇది చదివినప్పుడల్లా గొంతు పట్టేస్తుంది.

మీ పాపకి పదేళ్లే కాబట్టి, కొట్టడం, చీకటి గదిలో పెట్టడం లాంటివి ఉంటాయనిపిస్తే ముందు మీరు చదవండి, ఆ పేజీలప్పుడు పక్కన కూర్చోండి. మిగతాది తన వేగంతో తననే చదువుకోనివ్వండి.