ఎన్‌ఐటీ సీటు వదిలేసి ఇంటికి దగ్గర్లో చేరిపోనా?

ప్రశ్న: నాకు 18 ఏళ్లు. మాది కృష్ణా జిల్లాలో చిన్న టౌను. నాన్నకు కిరాణా కొట్టుంది. విజయవాడలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదివాను. జేఈఈ మెయిన్ ర్యాంకుతో ఉత్తరాదిలో ఒక ఎన్‌ఐటీలో మెటలర్జీ సీటు వచ్చింది. ఈఏపీసెట్ ర్యాంకుకైతే మా దగ్గర్లోని ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ సైన్స్ (సీఎస్‌ఈ) వచ్చేది. నాన్న ఎన్‌ఐటీకే పంపించారు. ఇక్కడ రూమ్మేట్లు హిందీలో మాట్లాడుకుంటుంటే నేను గోడవైపు తిరిగి పడుకుంటాను. మెస్సు తిండి పడటం లేదు. రోజూ అమ్మకు ఫోన్ చేసి ఏడుస్తున్నాను. మొదటి సెమిస్టర్‌లో పదికి 6.8 వచ్చింది. ఇంటి దగ్గర చేరిన స్నేహితుల ఫొటోలు చూస్తే ఇంకా బాధేస్తోంది. ట్రాన్స్‌ఫర్ పెట్టుకుంటానంటే, ‘మన చుట్టాల్లో మొదటి ఎన్‌ఐటీ సీటు నీది, వదిలేస్తే నలుగురికీ ఏం చెప్పను’ అంటున్నారు నాన్న. ఏం చేయాలి?

జవాబు: ముందు ఆ ట్రాన్స్‌ఫర్ సంగతి తేల్చుకుందాం అమ్మా. మీరు అనుకుంటున్న ట్రాన్స్‌ఫర్ మన దగ్గర దాదాపుగా లేదు. ఒక ఎన్‌ఐటీ నుంచి మరో ఎన్‌ఐటీకి మారే పద్ధతి లేదు. జేఎన్‌టీయూ కింద ఉన్న కాలేజీలో రెండో ఏడాదిలోకి రావాలంటే ఆ బ్రాంచిలో ఖాళీ ఉండాలి, రెండు కాలేజీలూ అభ్యంతరం లేదని రాసివ్వాలి, పై నుంచి అనుమతి రావాలి, మీరు చదివిన సబ్జెక్టులు తమ సిలబస్‌కు సరిపోయాయని యూనివర్సిటీ ఒప్పుకోవాలి. సరిపోనివి మళ్లీ చదివి పాసవ్వాలి. పైగా మీరు కోరుతున్నది కాలేజీతో పాటు బ్రాంచి కూడా మారడం, అది ఇంకా కష్టం. నేరుగా రెండో ఏడాదిలో చేరే లేటరల్ ఎంట్రీ ఉందిగా అని ఎవరైనా చెబితే, అది ఈసెట్ రాసే డిప్లొమా, బీఎస్సీ మ్యాథ్స్ వాళ్లది. డబ్బు కడితే నేరుగా రెండో ఏడాదిలో కూర్చోబెడతామనే కన్సల్టెన్సీల వాళ్లకు, యూనివర్సిటీ నుంచి మీ పేరు మీద ఉత్తరం వచ్చేదాకా రూపాయి కూడా ఇవ్వొద్దని నాన్నగారికి చెప్పండి.

కాబట్టి మారడం అంటే మీ విషయంలో మళ్లీ మొదటి ఏడాదిలో చేరడమే. ఒక ఏడాది పోతుంది. 18 ఏళ్ల వయసులో ఏడాది పోతే కొంపేమీ మునగదు. కానీ లెక్కలో దాన్ని వేసుకోవాలి. తూకంలో ఒక పక్క ఎన్‌ఐటీ పేరు, ఇంకో పక్క మీ సంతోషం మాత్రమే ఉన్నాయనుకుంటే లెక్క తప్పుతుంది.

ఇప్పుడు మీ ఉత్తరం చూద్దాం. హాస్టలు, భాష, తిండి, ఫొటోల గురించి వరుసగా రాశారు. మెటలర్జీ గురించి ఒకే ఒక్క మాట, అదీ సీటు వచ్చిందన్న మాట. అందుకే రెండు ప్రశ్నలు అడుగుతాను, కాగితం మీద జవాబు రాసుకోండి. రేపు ఇదే కాలేజీలో, ఇదే గదిలో ఉంచి సీఎస్‌ఈ ఇస్తామంటే ఉంటారా? లేదా మీ ఇంటి పక్క కాలేజీలో మెటలర్జీయే ఇస్తామంటే వెళతారా? మొదటిదానికి అవునన్నది మీ జవాబైతే మీ బాధ బ్రాంచి. రెండోదానికి అవునంటే మీ బాధ ఊరు. రెంటికీ కాదంటే ఇంజినీరింగే మీకు సరిపడుతోందా అన్నది వేరుగా కూర్చొని ఆలోచించాల్సిన విషయం. రెంటికీ అవునంటే మాత్రం ఈ రెండు నెలలు ఏ నిర్ణయమూ తీసుకోకండి. ఎటు పిలిస్తే అటు వెళ్లిపోవాలనిపిస్తోందంటే మనసు బాగా అలిసిపోయిందని అర్థం.

బ్రాంచి గురించి ఒక సంగతి. ఎన్‌ఐటీల్లో మొదటి ఏడాది దాదాపు అందరికీ ఒకటే: మ్యాథ్స్, ఫిజిక్స్, డ్రాయింగ్, ప్రోగ్రామింగ్. డిపార్ట్‌మెంటు సబ్జెక్టులు ఎక్కువగా మొదలయ్యేది మూడో సెమిస్టర్‌లో. అంటే మీరింకా మెటలర్జీ దాదాపుగా చదవనే లేదు. మీకు నచ్చనిది దాని పేరు, ఉద్యోగాలు రావన్న భయం. ఆ భయం ఉత్తిదేమీ కాదు, అయితే దాన్ని సరిచూసుకునే దారి ఉంది. కేంద్ర విద్యాశాఖ ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకింగుల కోసం, వాటిలో పాల్గొనే ప్రతి కాలేజీ ఎంతమంది పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, మధ్యస్థ జీతం ఎంత, పై చదువులకు ఎందరు వెళ్లారు అనే వివరాలు ఇస్తుంది. మీ కాలేజీ పత్రం, మీరు చేరాలనుకుంటున్న కాలేజీ పత్రం పక్కపక్కన పెట్టి చూడండి. ఫ్లెక్సీల మీద కనిపించే ‘అత్యధిక ప్యాకేజీ’ ఒక్కరిది. మధ్యస్థ జీతం అంటే సగం మందికి అంతకన్నా ఎక్కువ, సగం మందికి తక్కువ. మీరు చూడాల్సింది ఆ అంకె. అందులో బ్రాంచిల వారీగా ఉండదు కాబట్టి మీ డిపార్ట్‌మెంటు నాలుగో ఏడాది వాళ్లను ముగ్గురిని పట్టుకొని రెండే అడగండి: మన బ్రాంచిని పరీక్షకు కూర్చోనిచ్చిన కంపెనీలెన్ని, సీజీపీఏ (సగటు గ్రేడు) ఎంత అడిగాయి. కాలేజీ పేరు నిజంగా పనికొచ్చే చోటు ఇదే. కంపెనీ గుమ్మందాకా తీసుకెళుతుంది. లోపలికి రానివ్వడానికి 6.8 చాలదని చాలాచోట్ల చెబుతారు.

కాలేజీలోనే బ్రాంచి మారవచ్చు కదా అనుకుంటారేమో. ఆ అవకాశం ఉన్న చోట మొదటి ఏడాది సీజీపీఏ వరస ప్రకారం, ఖాళీలను బట్టి ఇస్తారు. రెండు సెమిస్టర్ల క్రెడిట్లు సమానం అనుకుంటే, మీరు 8కి చేరాలన్నా ఈ సెమిస్టర్‌లో 9.2 రావాలి. సీఎస్‌ఈకి 8తో వస్తుందన్న భరోసా కూడా లేదు. దాని మీద ఆశ పెట్టుకోవద్దు. బాధ బ్రాంచి ఒక్కటే అయితే వేరే దారులున్నాయి. ఐఐటీ మద్రాసు డేటా సైన్స్ బీఎస్ డిగ్రీ ఆన్‌లైన్‌లో, మీ బీటెక్‌తో పాటే చదవచ్చు. రెండు డిగ్రీలు ఒకేసారి చేసేందుకు యూజీసీ 2022లో వీలు కల్పించింది. ఎంటెక్ ప్రవేశాలకు రాసే గేట్‌లో 2024 నుంచి డేటా సైన్స్, కృత్రిమ మేధ పేపరు ఉంది, దాన్ని ఏ బ్రాంచి వాళ్లయినా రాయొచ్చు. అయితే ఇవన్నీ మూడో సెమిస్టర్ తర్వాతి మాటలు. తిండే సయించని మనిషి నెత్తిన ఇంకో డిగ్రీ పెట్టడం నాకు ఇష్టం లేదు.

బాధ ఊరే అయితే (మీ ఉత్తరం చదివితే నాకు అలాగే అనిపిస్తోంది), ఒకటి గమనించండి. మీరు రెండేళ్లు విజయవాడ హాస్టల్లో ఉన్నారు, ఇల్లు వదలడం కొత్త కాదు. కానీ అక్కడ పొద్దున్న స్టడీ అవర్ నుంచి రాత్రి లైట్లు ఆర్పేదాకా మీ రోజును వేరేవాళ్లు నడిపారు. చుట్టూ అంతా తెలుగు. ఇప్పుడు సాయంత్రం 5 తర్వాత ఏం చేయాలో చెప్పేవాళ్లు ఎవరూ లేరు, మాట కలిపే భాషా లేదు. కార్పొరేట్ జూనియర్ కాలేజీల నుంచి వచ్చిన పిల్లలు మొదటి ఏడాది డీలా పడటానికి ఇదొక పెద్ద కారణం. మార్కులు తగ్గడం దాని వెనకాలే వస్తుంది. దీనికి మందు ఏమిటంటే రోజుకు ఒక చట్రం మళ్లీ మీరే వేసుకోవడం. సాయంత్రం 6 నుంచి 8 దాకా గదిలో కాకుండా లైబ్రరీలో కూర్చోండి. దాదాపు ప్రతి ఎన్‌ఐటీలో తెలుగు పిల్లలుంటారు, ఉగాదికో సంక్రాంతికో కలుస్తుంటారు. వాళ్లలో రెండో ఏడాది అమ్మాయిని ఒకరిని వెతుక్కోండి. హాస్టల్ ఆఫీసులో గది మార్పుకు అర్జీ పెట్టండి. సెమిస్టర్ మధ్యలో కాకపోయినా చివర్లో ఇవ్వొచ్చు. ఇంటి నుంచి కందిపొడి, ఊరగాయ తెప్పించుకోండి. నవ్వొచ్చినా, తిండి కుదుటపడితే నిద్ర కుదుటపడుతుంది. అమ్మకు రోజంతా కాకుండా రాత్రి 9 గంటలకు ఒకసారి, ఇరవై నిమిషాలు చేయండి. ఏడుపు వచ్చిన ప్రతిసారీ ఫోను తీస్తే ఆవిడకు అక్కడ నిద్రుండదు, మీకు ఇక్కడ మనుషులు దొరకరు. ఇక ఆ ఫొటోలు. దగ్గరి కాలేజీలో 75 శాతం హాజరు గొడవ, కాలేజీ బస్సులో రోజూ రెండు మూడు గంటలు, వరసబెట్టి వచ్చే మిడ్ పరీక్షలు ఉంటాయి. వాటిని ఎవరూ ఫొటో తీసి పెట్టరు.

ఇదంతా చేస్తూనే తిరిగొచ్చే దారి కూడా తెరిచి ఉంచుకోండి, దానికి అయ్యే ఖర్చు దరఖాస్తు రుసుమే. నిరుటి ఈఏపీసెట్ ర్యాంకు ఇప్పుడు చెల్లదు, కొత్తగా రాయాలి. ఏపీలో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉంది, అది మీ చేతిలో ఉన్నట్టే. హైదరాబాద్ కాలేజీల మీద మనసుంటే, తెలంగాణ కన్వీనర్ కోటాలో (ర్యాంకును బట్టి ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో నింపే సీట్లలో) ఆంధ్ర పిల్లలకు ఉన్న 15 శాతం దారి 2025లో మూసేశారు. జేఈఈ మెయిన్ ఇంటర్ పాసైన ఏడాదితో కలిపి వరుసగా మూడేళ్లు రాయొచ్చు కాబట్టి ఏప్రిల్ సెషన్‌కూ దరఖాస్తు చేయండి. ఎందుకంటే మీ నాన్నగారికీ మీకూ మధ్య రాజీకి ఒక చోటుంది: తాడేపల్లిగూడెం ఎన్‌ఐటీ. అందులో సగం సీట్లు సొంత రాష్ట్రం వాళ్లవి, ఏ రాష్ట్రంలో ఇంటర్ పాసయ్యారన్నదే దానికి లెక్క. మీది విజయవాడే కదా.

డబ్బు మాట కూడా నాన్నగారితో తేల్చుకోండి. ఎన్‌ఐటీ ట్యూషన్ ఫీజు సెమిస్టర్‌కు 62,500. కుటుంబ ఆదాయం ఏడాదికి 1 లక్ష నుంచి 5 లక్షల మధ్య ఉంటే మూడింట రెండు వంతులు మాఫీ, అంటే ఏడాదికి దాదాపు 41,700 కడితే చాలు. లక్ష లోపైతే పూర్తి మాఫీ. మీరు ఇది వాడుకుంటున్నారో లేదో రాయలేదు. ఆదాయ ధ్రువపత్రం పెట్టకపోవడం వల్ల పూర్తి ఫీజు కట్టే కుటుంబాలున్నాయి. అటువైపు, ప్రైవేటు కాలేజీలో కన్వీనర్ సీటు వస్తే సరే, మేనేజ్‌మెంట్ సీటుకు ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. ఒక కోర్సు మధ్యలో మానేసి మళ్లీ మొదటి ఏడాదిలో చేరితే మీకు వర్తిస్తుందా అన్నది చేరకముందే మీ ఊరి సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంటును అడిగించండి.

నాన్నగారితో ‘నేనిక్కడ ఉండలేను’ అని మొదలుపెడితే ఆయనకు సీటు పోతుందన్నదొక్కటే వినిపిస్తుంది. పై లెక్కలన్నీ ఒక కాగితం మీద రాసి, ఈసారి ఇంటికి వెళ్లినప్పుడు ఎదురుగా కూర్చొని చూపించండి. ‘రెండో సెమిస్టర్ పూర్తిగా చదివి పరీక్షలు రాస్తాను, ఈఏపీసెట్ కూడా రాస్తాను. కౌన్సెలింగ్‌లో వచ్చే సీటు చూసి ఇద్దరం నిర్ణయిద్దాం’ అనండి. తేదీ ఉన్న మాటకు పెద్దవాళ్లు కాస్త మెత్తబడతారు. చుట్టాలకేం చెప్పాలన్నది ఆయన భయం, ఆయన దృష్టిలో అది చిన్నదేమీ కాదు. ‘ర్యాంకు మళ్లీ రాసి సీఎస్‌ఈ తెచ్చుకుంది’ అని చెప్పుకోవచ్చు, అబద్ధం కూడా కాదు.

నా అభిప్రాయం అడిగారు కాబట్టి: కేవలం ఊరు పడలేదని ఆరు నెలలకే వదిలేయొద్దు. తాడేపల్లిగూడెంలో కానీ, మీ దగ్గరి మంచి కాలేజీలో కన్వీనర్ కోటా సీఎస్‌ఈ కానీ చేతికొచ్చి, అప్పటికీ ఆ రెండు ప్రశ్నలకు మీ జవాబు మారకపోతే వచ్చేయండి.

ఒక్క పరిస్థితిలో ఈ లెక్కలేవీ వర్తించవు. రెండు వారాలకు పైగా నిద్ర పట్టకపోవడం, తిండి మానేయడం, క్లాసులకు లేచి వెళ్లలేకపోవడం, బతకడం ఎందుకన్న ఆలోచన రావడం, వీటిలో ఏది ఉన్నా అదే రోజు క్యాంపస్ కౌన్సెలర్ దగ్గరికి వెళ్లండి. లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి; ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. అమ్మను వచ్చి తీసుకెళ్లమనండి. డాక్టరు కాగితంతో సెమిస్టర్ విరామం అడగొచ్చు, సీటు అప్పుడే పోదు.

రావాలనే నిర్ణయం అయితే, కొత్త సీటు కేటాయింపు ఉత్తర్వు చేతికి రాకముందు ఎన్‌ఐటీలో టీసీకి దరఖాస్తు పెట్టకండి. అది వచ్చాక టీసీ, మైగ్రేషన్, రెండు సెమిస్టర్ల గ్రేడ్ షీట్లు, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఒకే విడత తీసుకోండి. దానికి హాస్టల్, లైబ్రరీ, ల్యాబుల నుంచి నో డ్యూస్ (బకాయిల్లేవన్న) సంతకాలు కావాలి, కొన్ని రోజులు పట్టొచ్చు. రైలు టికెట్టు ఆ లెక్క చూసుకొని చేయించుకోండి.