వెండి కణాల మీద గ్లూటాథయోన్‌ను వెతికే ముందు

అమ్మలూ,

వెండి నానోకణాల మీద రామన్ పద్ధతిలో తీసి నువ్వు పంపిన స్పెక్ట్రమ్‌లు (చెదిరిన కాంతి ఎక్కడ ఎంత ఉందో చూపే గీతలు) చూశాను. పీకులు బాగానే వచ్చాయి, కానీ అవి జీవకణాల్లో ఉండే యాంటీఆక్సిడెంట్ గ్లూటాథయోన్‌వో, కొలాయిడ్‌లో (నీళ్లలో తేలే నానోకణాల ద్రవంలో) కణాలు అతుక్కోకుండా ఉంచే సిట్రేట్‌వో తేలడం లేదని రాశావు. ఆ అనుమానం వచ్చినందుకు నాకు సంతోషంగా ఉంది. పీకు కనపడగానే పేరు పెట్టేసి పేపర్ రాయడానికి కూర్చునేవాళ్లను చాలామందిని చూశాను. నువ్వు ఆ దారిలో లేవు. టెన్షన్ పడకుండా ఇది చదువు.

రామన్ కాంతి ఎంత బలహీనమో నీకు తెలుసు. అణువుకు తగిలి చెదిరిన ఫోటాన్లలో సుమారు కోటికి ఒక్కటి మాత్రమే శక్తి మారి బయటికి వస్తుంది. 1928లో సి.వి. రామన్, కె.ఎస్. కృష్ణన్ దాన్ని పట్టుకోగలగడమే ఒక అద్భుతం. 1974లో గరుకు చేసిన వెండి ఎలక్ట్రోడ్ మీద పిరిడిన్‌కు ఊహించనంత సిగ్నల్ వచ్చింది. ఉపరితలం పెరిగి ఎక్కువ అణువులు అంటుకోవడమే కారణమని మొదట అనుకున్నారు. 1977లో రెండు బృందాలు విడివిడిగా లెక్క వేసి, అది సరిపోదనీ, లోహమే సిగ్నల్‌ను లక్ష నుంచి పది లక్షల రెట్లు పెంచుతోందనీ చూపించాయి. ఈ కథలో చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. పిరిడిన్ వెండిని బాగా అంటుకునే అణువు. అంటుకోని అణువుతో మొదలుపెట్టి ఉంటే ఆ సిగ్నల్ అంత తేలిగ్గా కంటపడేది కాదు.

నేను నీకు చెప్పదలుచుకున్నది అదే. నీ స్పెక్ట్రమ్ చూపించేది ద్రావణంలో ఏముందో కాదు, లోహం మీద ఏం కూర్చుందో. లోహం నుంచి ఒకటి రెండు నానోమీటర్లు దూరం జరిగితే చాలు, పెరిగిన సిగ్నల్ చాలావరకు పడిపోతుంది. అందుకే లేజర్ ఆన్ చేసే ముందు ప్రతి అణువు గురించీ ఒక ప్రశ్న వేసుకో: ఇది లోహం దగ్గరికి ఎందుకు వస్తుంది?

గ్లూటాథయోన్‌కు థయోల్ (గంధకం–హైడ్రోజన్ గుంపు) ఉంది, గంధకంతో వెండినైనా బంగారాన్నైనా గట్టిగా పట్టుకుంటుంది. పట్టుకుందో లేదో తెలుసుకోవడానికి ముందు పొడి గ్లూటాథయోన్‌కు మామూలు రామన్ తియ్యి. 2550 వేవ్‌నంబర్ (పీకు స్థానాన్ని చెప్పే కొలమానం) ప్రాంతంలో గంధకం–హైడ్రోజన్ పీకు కనిపిస్తుంది. కొలాయిడ్‌లో కలిపాక అది మాయమైతే, గంధకం లోహాన్ని పట్టుకుందనడానికి అది మంచి ఆధారం. మొక్కల్లో ఉండే యాంటీఆక్సిడెంట్లైన పాలీఫినాల్స్‌లో పక్కపక్కనే రెండు హైడ్రాక్సిల్స్ (ఆక్సిజన్–హైడ్రోజన్ గుంపులు) ఉన్నవి కొంతవరకు వస్తాయి. బీటా కెరోటిన్‌కు పట్టుకోవడానికి చెయ్యే లేదు, నీళ్లలో కరగదు కూడా. దానికి నానోకణాలు వద్దే వద్దు. ఆకుపచ్చ లేజర్ వేస్తే, ఆ రంగును అణువే పీల్చుకోవడం వల్ల వచ్చే రెజొనెన్స్‌తో 1157, 1525 దగ్గర పీకులు వాటంతట అవే నిటారుగా నిలబడతాయి. ప్రతి పనికీ వెండి వాడాలనే పట్టుదల పెట్టుకోకు.

ఇక యాంటీఆక్సిడెంట్లతో వచ్చే ప్రత్యేకమైన చిక్కు చూడు. ఎలక్ట్రాన్లు ఇచ్చేయడమే వాటి గుణం. మనం వాటిని వెతికేది ఆ గుణం కోసమే, కొలత పాడయ్యేదీ దాని వల్లే. విటమిన్ సి ద్రావణం నిన్న కలిపి పెట్టినదైతే, ఇవాళ నువ్వు కొలిచేది చాలావరకు దాని ఆక్సీకరణ రూపాన్నే కావచ్చు. రాగి, ఇనుము అయాన్లు ఏ కాస్త ఉన్నా ఇంకా త్వరగా పోతుంది. ఆ పూటకు ఆ పూట కలుపుకో. ఇంకొకటి: కొలాయిడ్‌లో చర్య జరగకుండా మిగిలిన వెండి అయాన్లు ఉంటే, విటమిన్ సి వాటిని అక్కడికక్కడే లోహంగా మార్చేస్తుంది. కణాలు పెరుగుతాయి, ఆకారం మారుతుంది, సిగ్నల్ కూడా పెరుగుతుంది. అదంతా విటమిన్ సి పీకు పెరుగుదలేనని మోసపోతాం. సెంట్రిఫ్యూజ్ చేసి, పైనీళ్లు తీసేసి, శుభ్రమైన నీళ్లలో మళ్లీ కలిపిన కొలాయిడ్‌తో ఒకసారి పోల్చి చూడు.

గ్లూటాథయోన్ ఆక్సీకరణం చెందితే రెండేసి అణువులు డైసల్ఫైడ్‌గా జతకడతాయి. వెండి మీద ఆ గంధకం–గంధకం బంధం తెగే అవకాశం ఉంది. తెగితే రెండు రూపాలూ ఒకేలా కూర్చుంటాయి, స్పెక్ట్రమ్‌లో తేడా కనపడదు. జీవకణాల్లో ఆక్సీకరణ ఒత్తిడి గురించి మాట్లాడాలంటే ఆ రెండింటి నిష్పత్తే కావాలి కాబట్టి దీన్ని చిన్న విషయంగా తీసుకోకు. శాంపిల్ తీసిన వెంటనే ఎన్-ఇథైల్‌మేలిమైడ్ అనే రసాయనంతో థయోల్‌ను కట్టేసి, మిగిలిన కారకాన్ని తొలగించి, డైసల్ఫైడ్‌ను విడిగా క్షయకరణం చేసి (ఎలక్ట్రాన్లు ఇచ్చి విడగొట్టి) కొలవడం ఒక పద్ధతి. పని ఎక్కువే, కానీ ఆ అంకెను నమ్మొచ్చు.

రక్తరసం దగ్గరికి వచ్చేసరికి ఓపిక పట్టు. సిట్రేట్ వెండి కలపగానే 640 ప్రాంతంలో పెద్ద పీకు వస్తే ఎగిరి గంతెయ్యకు. అది చాలావరకు యూరిక్ ఆమ్లం. అదీ యాంటీఆక్సిడెంటే అనుకో, కానీ నువ్వు వెతికేది కాదు. ప్రోటీన్లు కూడా కణాలను ముందే కప్పేస్తాయి. ఫిల్టర్‌తో వాటిని తీసేశాకే కొలాయిడ్ కలుపు. రక్తరసంలో గ్లూటాథయోన్ కొద్ది మైక్రోమోలార్లే ఉంటుంది, ఎర్రరక్తకణాల్లోనైతే మిల్లీమోలార్ స్థాయిలో ఉంటుంది. నన్నడిగితే ఎర్రకణాలతోనే మొదలుపెట్టమంటాను.

గాజుసామాను గురించి ఒక్క మాట. బంగారు కొలాయిడ్ చేసిన ఫ్లాస్కులకు ద్రవరాజం (నత్రికామ్లం, హైడ్రోక్లోరిక్ ఆమ్లాల మిశ్రమం) సరే. వెండి చేసినవాటికి మాత్రం పనికిరాదు, గోడలకు సిల్వర్ క్లోరైడ్ తెల్లగా అంటుకుపోతుంది. వాటికి నత్రికామ్లం వాడు. ద్రవరాజం ఎప్పుడూ ఫ్యూమ్ హుడ్‌లోనే, కావలసినంతే, మూత బిగించకుండా. ఇందులో మొహమాటానికి తావు లేదు.

ఉప్పు కలిపి కణాలను దగ్గర చేర్చే దశలో చేతికంటే గడియారమే ముఖ్యం. పసుపు కొలాయిడ్ బూడిద రంగుకు తిరుగుతూ ఉంటుంది. కణాల మధ్య సందుల్లోనే సిగ్నల్ భగ్గుమంటుంది, కానీ ఇంకాసేపు ఆగితే ముద్దలై అడుక్కి దిగిపోతాయి. ఉప్పు కలిపిన ఎన్ని నిమిషాలకు కొలుస్తావో నిర్ణయించుకుని ప్రతి శాంపిల్‌కూ అదే పాటించు. పీహెచ్ కూడా మార్చి చూడు. తటస్థ పీహెచ్‌లో సిట్రేట్ కణాలకూ గ్లూటాథయోన్‌కూ రెండింటికీ రుణావేశమే, ఒకదాన్నొకటి తోసుకుంటాయి.

లేజర్ పవర్ తక్కువలో మొదలుపెట్టు. 1350, 1580 దగ్గర వెడల్పాటి రెండు గుట్టలు లేస్తే అది మాడిన కార్బన్. దాన్ని ఏ విటమిన్‌కూ అంటగట్టకు. రోజూ మొదట సిలికాన్ ముక్క పెట్టి దాని పీకు 520.5 దగ్గర ఉందో లేదో సరిచూసుకో.

క్యాలిబ్రేషన్ గీత (గాఢతకు ఎదురుగా సిగ్నల్‌ను గీసినది) పైన వంగిపోతోందని బాధపడ్డావు. అది నీ తప్పు కాదు. లోహం మీద చోటు బస్సులో సీట్ల లాంటిది, నిండాక ఎంతమంది ఎక్కినా కూర్చునేవాళ్లు పెరగరు. కింది భాగంలో తిన్నగా ఉన్న మేరకే గీత గీయి. గుర్తింపు పరిమితికి (ఎంత తక్కువ ఉన్నా పట్టగలమో చెప్పే అంకెకు) ఖాళీ కొలాయిడ్‌నే పదేపదే కొలిచి, ఆ కొలతల చెదురుకు (ప్రామాణిక విచలనానికి) మూడు రెట్లు తీసుకుని గీత వాలుతో భాగించు. ఒక్క బ్యాచ్ కొలాయిడ్‌తో వచ్చిన అంకెను ఎవరికీ చెప్పకు. కనీసం మూడు బ్యాచ్‌లు చెయ్యి, వాటి మధ్య తేడా ఎంత ఉన్నా అలాగే రాయి.

ఈ వారం కొత్త శాంపిల్స్ జోలికి పోవద్దు. ఉప్పు కలిపిన ఖాళీ కొలాయిడ్, గ్లూటాథయోన్ కలిపినది, దాని డైసల్ఫైడ్ కలిపినది, ఈ మూడూ ఒకే రోజు, ఒకే బ్యాచ్‌తో, ఒకే పవర్‌లో తీసి పంపు. బేస్‌లైన్ (పీకుల కింద ఉండే నేపథ్య కాంతి) సరిచేయని ఫైళ్లే కావాలి. ఫ్లోరెసెన్స్ (అణువులు పీల్చుకుని తిరిగి వదిలే కాంతి) ఎంతుందో వాటిలోనే తెలుస్తుంది, లేజర్‌ను 785 నానోమీటర్లకు మార్చాలా వద్దా అన్నది అవి చూశాకే చెప్తాను.

నీ పెద్దమ్మ