షార్ట్ ఫిల్మ్ పనిలో నిద్ర కరవు: గుండె దడకు నిద్రమాత్ర మందు కాదు

ప్రశ్న: నా వయసు 20. ఒంగోలులో బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నాను. ఒక పోటీ కోసం మిత్రులతో కలిసి 12 నిమిషాల షార్ట్ ఫిల్మ్ తీస్తున్నాను. దర్శకత్వం, ఎడిటింగ్ రెండూ నావే. పగలు క్లాసులు, సెలవు రోజుల్లో కొత్తపట్నం బీచ్‌లో షూటింగ్, రాత్రి రెండు మూడింటి దాకా ఎడిటింగ్. నిద్ర నాలుగు గంటలకు మించడం లేదు. రోజుకు ఐదారు కాఫీలు, ఒక ఎనర్జీ డ్రింక్ తాగుతున్నాను. కొన్నాళ్లుగా తలనొప్పి, కళ్ల మంట, గుండె దడ ఉన్నాయి. పడుకున్నా నిద్ర పట్టడం లేదు. ఇంకా మూడు వారాల గడువుంది. అప్పటి దాకా నిద్రమాత్ర వాడవచ్చా?
– ఒక పాఠకుడు, ఒంగోలు

డాక్టర్ సలహా: నిద్రమాత్ర వద్దు. మీకు నిద్ర పట్టకపోవడం కంటే, నిద్రకు మీరు వేళ కేటాయించకపోవడమే అసలు సమస్యగా కనిపిస్తోంది. దానికి తోడు సాయంత్రం తాగే కాఫీలు. ఈ రెండింటినీ అలాగే ఉంచి మాత్ర వేసుకుంటే మర్నాడు షూటింగ్‌లో మత్తుగా ఉంటుంది, కొన్ని రకాల మాత్రలైతే అలవాటుగా కూడా మారతాయి.

మీ వయసువారికి రోజుకు 7 నుంచి 9 గంటల నిద్ర అవసరం. ఉదయం ఏడింటికి లేచిన మనిషి అర్ధరాత్రికి, అంటే 17 గంటలు మెలకువగా ఉన్న తరువాత, రక్తంలో 0.05 శాతం ఆల్కహాలు ఉన్నవారి మాదిరిగా ఏకాగ్రత తప్పి తడబడతాడని పరిశోధనల్లో తేలింది. మన దేశంలో వాహనం నడిపేవారికి చట్టం అనుమతించే పరిమితి 0.03 శాతమే. ఆ స్థితిలో మిత్రుడి గది నుంచి బైక్ మీద ఇంటికి రావడం ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కరలేదు. ఎడిటింగ్‌కూ ఇదే వర్తిస్తుంది. రాత్రి రెండింటికి కత్తిరించిన సీనును మర్నాడు మళ్లీ అతికించవలసి వస్తే మీరు మిగుల్చుకున్నదేమీ ఉండదు.

కాబట్టి షెడ్యూల్ కాగితంలో కెమెరా అద్దె రోజుల కంటే ముందు నిద్ర వేళలు రాసుకోండి. కొత్తపట్నంలో సూర్యోదయం షాట్ కావాలంటే నాలుగింటికి లేవాలి, అంటే ముందు రాత్రి తొమ్మిది లోపే పడుకోవాలి. నిన్నటి దాకా మూడింటికి పడుకున్నవారికి అది ఒక్కసారిగా సాధ్యపడదు, ఎందుకంటే శరీరంలోని గడియారం రోజుకు సుమారు ఒక గంటకు మించి జరగదు. అందువల్ల షూటింగును, ఎడిటింగును ఒకే రోజుల్లో కలపకండి. మిగిలిన సీన్లన్నీ మొదటి పది రోజుల్లోపు పూర్తిచేసి, ఆ రోజుల్లో ఫుటేజీని హార్డ్ డిస్కులోకి ఎక్కించే పని మరొకరికి అప్పగించండి. ఎడిటింగ్ ఆ తరువాత మొదలుపెట్టి రాత్రి పదిన్నరకు ఆపేయండి. గడువుకు నాలుగు రోజుల ముందే కూర్పు ఖాయం చేసుకుంటే సౌండు పనికి తీరిక దొరుకుతుంది. రెండర్ (కూర్చిన సినిమాను కంప్యూటర్ తుది వీడియోగా మార్చే పని) రాత్రంతా నడిచినా ఫరవాలేదు, దాని పక్కన మీరు కాపలా కూర్చోనక్కరలేదు.

ఎండ విషయంలో కెమెరామన్, డాక్టర్ ఒకే మాట చెబుతారు. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు ముఖం మీద, కళ్ల కింద నల్లటి నీడలు పడతాయి, మనుషులకు వడదెబ్బ తగులుతుంది. ఉదయం తొమ్మిదిన్నర లోపు, సాయంత్రం నాలుగు తరువాత చిత్రీకరించి, మధ్యలో నీడపట్టున భోజనం చేసి విశ్రాంతి తీసుకోండి. లీటరు నీటికి ఒక ఓఆర్ఎస్ ప్యాకెట్ చొప్పున కలిపి యూనిట్‌కంతా అందుబాటులో ఉంచండి.

గుండె దడకు కాఫీ, ఎనర్జీ డ్రింక్ కారణం కావడానికి ఎక్కువ అవకాశం ఉంది. ఆరోగ్యవంతులు రోజుకు 400 మిల్లీగ్రాముల కెఫీన్ దాటకూడదు. కప్పు పరిమాణాన్ని, చిక్కదనాన్ని బట్టి ఐదారు కాఫీలకు ఒక డబ్బా డ్రింక్ తోడైతే ఆ పరిమితి దాటిపోవచ్చు. కెఫీన్‌లో సగం శరీరం నుంచి పోవడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది కనుక మధ్యాహ్నం రెండు తరువాత కాఫీ మానండి. అయితే అన్నీ ఒకేసారి మానేస్తే తలనొప్పి పెరుగుతుంది. ముందు ఎనర్జీ డ్రింక్ ఆపి, ఆ తరువాత రెండు రోజులకు ఒక కప్పు చొప్పున తగ్గించండి.

తెర వైపు చూస్తున్నంతసేపు రెప్పలు వేయడం తగ్గి కళ్లు పొడిబారతాయి. ప్రతి 20 నిమిషాలకు ఒకసారి, 20 అడుగుల దూరంలోని వస్తువును 20 సెకన్లు చూడండి. కళ్లద్దాల అవసరం ఉందేమో కూడా పరీక్ష చేయించుకోండి.

ఈ మార్పులు చేసిన వారం, పది రోజులకు కూడా దడ తగ్గకపోతే ఫిజీషియన్‌ను కలిసి బీపీ, ఈసీజీ, హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోవాలి. దడతో పాటు ఛాతీ నొప్పి, ఆయాసం, స్పృహ తప్పడం ఉన్నా, లేదా తలనొప్పితో వాంతులు, చూపు మసకబారడం ఉన్నా వారం ఆగవద్దు. ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి గానీ, దగ్గరలోని అత్యవసర విభాగానికి గానీ వెంటనే వెళ్లండి. షూటింగ్ మధ్యలో ఉన్నా సరే.